కప్పలు – వానగుంటలు

లోకమున కప్పకు దక్కిన గౌరవము మిక్కిలి స్వల్పము. లోకజ్ఞానము లేనివానిని తెలుగువారు నూతిలోని కప్ప యందురు. ఉర్దూ మాటలాడువారు ‘కువేఁ కా మేండక్’ అందురు. ఒకచోట నిలువని జనమును కూడగట్ట బూనుట కప్పల తక్కెడ యని మన సామెత. అవసరము వచ్చినపుడు మాత్రమే కనబడి, పని తీరగనే మాయమగువానిని ఉర్దూలో ‘బర్సాతీ మేండక్’, అనగా వానాకాలపు కప్ప యని పరిహసింతురు. ఈ కళాశాలలో వినబడు రెండు భాషలును కప్పను చిన్నచూపు చూచుటలో ఏకీభవించినవి.

అయినను ఆదరము చూపిన సందర్భములును లేకపోలేదు. ఋగ్వేదము ఏడవ మండలములోని నూటమూడవ సూక్తము మండూక సూక్తమను పేర ప్రసిద్ధము. వానలు వెనుకపట్టిన యేడు మన పల్లెలలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపరెమ్మలు చుట్టి, ‘కప్పతల్లి’ యని ఇంటింటికి త్రిప్పుటయు, ఇల్లాండ్రు దానిపై నీళ్లు పోయుటయు పెద్దలెరిగినదే. ఔషధమునకై కప్పను వాడవచ్చునా యని ఒక వైద్యుడు అడుగగా, ప్రవక్తగారు కప్పను చంపవలదని వారించినట్లు అబూ దావూద్ హదీసు సంకలనము తెలుపుచున్నది. కప్పకును వానకును సంబంధము కలదనియు, నిష్కారణముగా దానిని చంపరాదనియు పూర్వులు గ్రహించియుండిరి.

మేము జంతుశాస్త్ర పండితులము కాము, తెలుగు బోధించువారము. అయినను ‘వానాకాలపు కప్ప’ యను మాట మమ్ము కొంత ఆలోచింపజేసినది. ఆ కప్ప వానలలోనే ఏల కనబడును? తక్కిన తొమ్మిది నెలలు ఎచట నుండును? దానికి ఏ నీరు కావలయును? ఈ ప్రశ్నలకు శాస్త్రము చెప్పు సమాధానములను, అవి మన అనకాపల్లి ప్రాంతమునకు ఎట్లు వర్తించునో దానిని, విద్యార్థులకు సులభముగా వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ఉభయచర జీవనము

నీటియందును నేలయందును బ్రతుకునవి గనుక కప్పలను ఉభయచరములందురు. ఆడకప్ప నీటిలో గ్రుడ్లు పెట్టును. వానికి పెంకు ఉండదు. జిగురువంటి పొర మాత్రమే ఉండును. అందుచే నీరు ఇంకినచో గ్రుడ్లు ఎండి నశించును. గ్రుడ్డు చితికి వెలువడు పిల్లకు కాళ్లుండవు, తోక యుండును, చేపవలె మొప్పలతో ఊపిరి పీల్చును. దీనినే తోకకప్ప యందురు. కొన్ని వారములు గడచిన పిమ్మట వెనుక కాళ్లు, ఆపై ముందు కాళ్లు మొలచును. తోక క్రమముగా కరగిపోవును. మొప్పలు పోయి ఊపిరితిత్తులు పని మొదలిడును. ఈ మార్పునకు రూపవిక్రియ యని పేరు. నీటిజీవి నేలజీవిగా మారు ఈ వింత మన ఇంటివెనుక గుంటలోనే ఏటేట జరుగుచున్నది.

కప్ప చర్మము విషయము మరియొకటి తెలియదగినది. కప్ప నోటితో నీరు త్రాగదు. చర్మము ద్వారా పీల్చుకొనును. ఊపిరితిత్తులతోపాటు తడిచర్మముతోను శ్వాసించును. పాముకు పొలుసులు, పక్షికి ఈకలు, పశువుకు వెండ్రుకలు కవచములు. కప్పకు అట్టి కవచమేదియు లేదు. నీటిలో ఏమి కలిసియున్నను అది నేరుగా దాని దేహములోనికి పోవును. నీటి మంచిచెడ్డలను ముందుగా తెలుపు జీవిగా శాస్త్రజ్ఞులు కప్పను పరిగణించుటకు ఇది కారణము.

మన ప్రాంతపు కప్పలు

భారతదేశమున నాలుగు వందలకు పైగా ఉభయచర జాతులు గుర్తింపబడినవి. వానిలో హెచ్చుభాగము పశ్చిమ కనుమలలోను, ఈశాన్య భారతమునను కలవు. మన తూర్పు కనుమలపై పరిశోధన ఆలస్యముగా ఆరంభమైనది. ఈ కనుమల ఒడిశా భాగమున దొరకిన, కాళ్లు లేక వానపామును పోలియుండు ఒక ఉభయచరమును 2013లో మాత్రమే గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్ అను క్రొత్త జాతిగా వర్ణించిరి. మనకు ఉత్తరమునను పడమటను కనబడు కొండలలో ఇంకను తెలియవలసినది చాల కలదు.

కొండలమాట అటుంచి, శారదానది పారు ఈ మైదానపు కప్పలను చూతము. అన్నిటికంటె పెద్దది హోప్లోబట్రాకస్ టైగెరినస్ అను శాస్త్రనామము గల పెద్దకప్ప. పూర్వపు పాఠ్యగ్రంథములు దీనిని రాణా టైగ్రినా యనెడివి. తొలకరిలో దీని మగది గడ్డిపచ్చ రంగు విడిచి నిమ్మపండువలె పసుపుపచ్చగా మారును. గొంతుకకు ఇరుప్రక్కల నీలపు తిత్తులు పొంగును. రాత్రివేళ వినబడు బెకబెకలు మగకప్పలవే. ఆడకప్పను పిలుచుటకై అవి అరచును.

ఇండ్ల మూలలలో, దీపస్తంభముల క్రింద పురుగులకై కాచుకొనియుండు గరుకు చర్మపు కప్ప మరియొకటి. దాని గ్రుడ్లు జిగురుదారమునకు గ్రుచ్చిన నల్లపూసలవలె నీటిలో పొడుగుగా కనబడును. చెరువు అంచున అడుగు వినగనే నీటిపై తేలి గంతులిడుచు పోవు కప్ప ఇంకొకటి. అది నీటిని విడిచి దూరము పోదు. వరిమడులలో బొటనవ్రేలంత యుండి కీచురాయివలె అరచు చిన్నకప్పలు కలవు. చెట్టుకప్ప నీటికి పైన ఆకులకో గోడకో నురుగుగూడు కట్టి, అందు గ్రుడ్లు పెట్టును. పిల్లలు కొన్నాళ్లకు క్రిందనున్న నీటిలోనికి జారిపడును. బంతివలె ఉబ్బిన దేహముతో, వెనుకపాదములనే పలుగుగా చేసికొని నేలలోనికి దిగిపోవు కప్పయు కలదు. చెదలు, చీమలు దాని ఆహారము.

ఎండకాలమున ఇవి ఎచటికి పోవునను ప్రశ్నకు ఇదియే సమాధానము. కొన్ని మట్టిలోతులలో, కొన్ని పుట్టలలో, గట్ల బొరియలలో, రాళ్ల క్రింద చల్లని తడిని ఆశ్రయించి, కదలక, తినక, ఎండలు గడుపును. దీనిని గ్రీష్మనిద్ర యందురు. జూన్ నడుమ నైరుతి ఋతుపవనము మన తీరమును తాకి నేల తడియగనే అవి మేల్కొనును. వానాకాలపు కప్ప అవకాశవాది కాదు. ఏడాదిలో పిల్లలను కనుటకు దానికి దొరకు గడువు అంతమాత్రమే.

ఎండిపోవు నీటి మహిమ

మేల్కొన్న కప్ప ఏ నీటికి పోవును? చెరువుండగా, ఏరుండగా, పెద్దకప్పయు దాని తోడి జాతులలో పెక్కును నిన్నటి వానకు నిండిన గుంటను, పొలపు పల్లమును, బాటప్రక్క మట్టితీసిన గోతిని వెదకికొని పోవును. రెండు మాసములలో ఎండిపోవు నీటిలో సంతానమును విడుచుట తెలివితక్కువగా తోచును. కాని ఇందు గొప్ప మర్మము కలదు.

ఏటి పొడవున నీరుండు చోట చేపలుండును. చేపలు కప్పగ్రుడ్లను, తోకకప్పలను విందువలె ఆరగించును. ఏటేట ఎండిపోవు గుంటలో చేపలు నిలువలేవు. పైగా వేసవిలో ఎండి బీటలువారిన ఆ నేలలో గడ్డి, ఆకు, పేడ చేరి, వాన పడగనే కుళ్లి, సూక్ష్మమైన నాచులకును క్రిములకును ఆహారమగును. ఆ నీరు లోతు తక్కువ గనుక ఎండకు త్వరగా వెచ్చబడును. వెచ్చని నీటిలో తోకకప్ప త్వరగా పెరుగును. శత్రువు లేని, ఆహారము సమృద్ధిగా గల ఊయల అది. దానికి ఒకే నియమము కలదు: గుంట ఎండకముందే కాళ్లు మొలవవలెను. మన మైదానపు జాతులలో పెక్కు సుమారు నెల, నెలన్నరలో ఈ పని ముగించుకొనును.

గుంట నెల దాటక ఎండినచో తోకకప్పలన్నియు చచ్చును. గుంటను త్రవ్వి శాశ్వతమైన చేపలచెరువుగా మార్చినచో చేపలు వానిని తినివేయును. గుంటను పూడ్చినచో కప్పకు తావే లేదు. నిండుట, కొంతకాలము నిలుచుట, మరల ఎండుట అను మూడును జరిగినప్పుడే ఆ నీరు కప్పకు పనికివచ్చును. మనము మాత్రము నిండిన చెరువునకు విలువ కట్టుదుము. ఎండిన గుంటను ‘ఖాళీ స్థలము’ అందుము. కప్పల సంరక్షణలోని చిక్కు అంతయు ఈ మాటలోనే ఉన్నది.

దోమలు పుట్టునను ఆక్షేపణము ఇచట రాగలదు. అది త్రోసివేయదగినది కాదు. మలేరియా వ్యాపింపజేయు దోమలలో కొన్ని వాననీటి గుంటలలో గ్రుడ్లు పెట్టుమాట నిజమే. అయితే తోకకప్పలు, తూనీగ పిల్లలు, నీటిపురుగులు నిండిన గుంటలో దోమపిల్లలకు బ్రతుకు కష్టము. డెంగీ తెచ్చు దోమ మన ఇండ్లలోని తొట్లలో, పగిలిన కుండలలో, పాత టైర్లలో పుట్టును. బోదకాలు తెచ్చు దోమ మురుగుకాలువలలో వృద్ధియగును. ఈ రెంటిని విడిచి వానగుంటను పూడ్చుట రోగమొకచోట, మందు మరియొకచోట యగును.

దోమలను తినుటకై విడుచు గంబూసియా చేప విషయము కూడ ఇచట చెప్పవలెను. ఇది అమెరికా దేశపు జీవి. 1928లో మన దేశమునకు తేబడినది. ఇది దోమపిల్లలనే గాక కప్పగ్రుడ్లను, తోకకప్పలను కూడ భక్షించును. నూతులలో, కట్టిన తొట్లలో విడుచుట ఒక మాట; కప్పలు పిల్లలు పెట్టు వానగుంటలలో విడుచుట మరియొక మాట. ఆ గుంటలకు చేపలు లేకుండుటయే రక్షయని పైని చూచితిమి గదా!

కప్పకాళ్ల వ్యాపారము

కప్పకు మానవునివలన కలిగిన కీడు మొదట గుంటలు పూడ్చుటచే కాదు, ఎగుమతిచే వచ్చినది. పాశ్చాత్య దేశములలో కప్పకాళ్లు విలువైన భోజ్యము. స్వాతంత్ర్యానంతరము మన దేశమునుండి గడ్డకట్టించిన కప్పకాళ్లు ఐరోపాకును అమెరికాకును ఓడలపై పోజొచ్చినవి. తొలకరి రాత్రులలో, జోడుకై గుంటలకు చేరి అరచు పెద్దకప్పలను దీపపు వెలుగున పట్టుట తేలిక. ఆ విధముగా గ్రుడ్లు పెట్టకమునుపే తల్లికప్పలు సంచులకెక్కెడివి. 1981లో ఒక్క యేడు నాలుగు వేల టన్నులకు పైగా కాళ్లు ఎగుమతియైనవి. దేహములో కాళ్లు కొంతభాగము మాత్రమే గనుక, ఎన్ని కోట్ల కప్పలు పొలములనుండి తరలిపోయినవో ఊహింపవచ్చును.

ఈ వ్యాపారముపై గట్టిగా గళమెత్తినవారిలో బొంబాయివాసి హుమాయూన్ అబ్దుల్అలీగారు ముఖ్యులు. 1914లో జన్మించి 2001లో పరమపదించిన వీరు పక్షిశాస్త్రవేత్త. సలీం అలీగారితో కలిసి బొంబాయి, సాల్సెట్ ప్రాంతముల పక్షులపై రచన చేసిరి. పక్షులను గురించి జీవితమంతయు శ్రమించిన వీరు కప్పలపక్షము వహించి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో 1985లో భారతదేశపు కప్పకాళ్ల ఎగుమతిపై వ్యాసము ప్రకటించిరి. పెద్దకప్ప పైరును తిను పురుగులను, గట్లకు బొరియలు పెట్టు పీతలను, ఒక్కొక్కప్పుడు చిట్టెలుకలను సైతము మ్రింగును. జీతము లేని ఈ కాపలాదారును అమ్మి విదేశీ ద్రవ్యము గడించి, ఆ ద్రవ్యమును పురుగుమందులకు వెచ్చించుట ఏమి లాభమని ఆనాటి విమర్శకులు ప్రశ్నించిరి.

1985లో మన పెద్దకప్పయు, యూఫ్లిక్టిస్ హెక్సాడాక్టైలస్ అను పచ్చని చెరువుకప్పయు అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒడంబడిక రెండవ అనుబంధమున చేర్చబడినవి. 1987లో భారత ప్రభుత్వము కప్పకాళ్ల ఎగుమతిని పూర్తిగా నిషేధించినది. వ్యాపారము అంతటితో ఆగలేదు. మొదట బంగ్లాదేశమునకు, అచటను నిషేధము రాగా ఇండోనేషియాకు తరలినది. అయినను మన పొలములకు సంబంధించినంతవరకు చట్టము మేలు చేసినదనియే చెప్పవలెను. ఆ పిమ్మట 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము జంతుశాస్త్ర తరగతులలో జంతువులను కోయుట మానవలెనని ఆదేశించుటతో, ప్రయోగశాల బల్లపై మైనపు పళ్లెములలో కప్పలను మేకులు గ్రుచ్చి పరచు అలవాటును తగ్గినది.

పట్టుకొనువానిని చట్టము ఆపగలిగినది. కాని ఎవడును పట్టుకొనకున్నను, పిల్లలు పెట్టుటకు గుంట లేనిచో కప్ప మిగులదు. నేటి ప్రశ్న అది.

చెరకును కప్పయు

అనకాపల్లి పేరు వినగనే బెల్లము స్ఫురించును. ఇచటి బెల్లపు మార్కెట్టు దేశప్రసిద్ధము. చెరకుపై కృషి చేయు వ్యవసాయ పరిశోధనస్థానము 1913 నాటిది. అందుచే చెరకునకును కప్పకును గల రెండు కథలు మన విద్యార్థులు తప్పక తెలియదగినవి.

మొదటిది ఆస్ట్రేలియా కథ. క్వీన్స్‌లాండు చెరకుతోటలను ఒకరకపు పెంకుపురుగు పాడుచేయుచుండగా, దానిని తినునను ఆశతో 1935లో హవాయి దీవులనుండి నూరింటికి పైగా పెద్ద విషకప్పలను తెచ్చి పెంచి వదలిరి. ఇవి దక్షిణ, మధ్య అమెరికాల జీవులు. పురుగు చెరకుకొనలపై, దాని పిల్ల మట్టిలో నుండుటచే కప్పకు ఏదియు అందలేదు. పురుగు తగ్గలేదు, కప్పలు మాత్రము కోట్లకు పెరిగినవి. వాని విషముచే వానిని తినబోయిన పాములు, ఉడుములు, సంచిజాతి మాంసాహారులు చచ్చుచున్నవి. మన పెద్దకప్పనే అండమాను దీవులకు చేర్చగా, అచట అది స్థానిక జీవులకు పీడయైనది. దాని తోకకప్పలు తక్కిన జాతుల తోకకప్పలను తినివేయును. ఏ కప్ప ఏ నేలలో పుట్టి పెరిగినదో ఆ నేలకే అది మేలు చేయును. దానిని ఉన్నచోట ఉండనిచ్చుటయే సంరక్షణ.

రెండవది కలుపుమందు కథ. చెరకు, మొక్కజొన్న చేలలో కలుపును చంపుటకు అట్రజిన్ అను రసాయనము వాడుకలో నున్నది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్‌క్లీ శాఖకు చెందిన టైరోన్ హేస్ అను శాస్త్రజ్ఞుడు, నీటిలో అత్యల్ప పరిమాణమున అట్రజిన్ ఉన్నను మగ తోకకప్పల జననాంగములు వికృతమగునని 2002లో ప్రకటించెను. ఆ నీటిలో పెరిగిన మగకప్పలలో పదింట ఒకటి ఆడుదిగా మారి గ్రుడ్లు పెట్టెనని 2010లో మరల ప్రకటించెను. మందు తయారీదారులు ఈ ఫలితములను ఖండించిరి. వివాదము చాలకాలము నడచినది. ఐరోపా సమాజము భూగర్భజలములో దాని జాడ హెచ్చుటచే వాడుకను ఆపినది. మన రైతు మందు మానవలెనని చెప్పుట మా అధికారము కాదు. కాని కలుపుమందు చల్లునది తొలకరిలో. కప్ప గ్రుడ్లు పెట్టునది తొలకరిలో. చేనినుండి జారిన మొదటి నీరు చేరునది ప్రక్క గుంటలోనికే. చేనికిని గుంటకును నడుమ కొంత గడ్డిపట్టీ విడిచినను, కొంత విషమును ఆ గడ్డి, మట్టి ఆపును.

లోకములో జరుగుచున్నది

ఇది మన ఊరి సమస్య మాత్రమే కాదు. 2023లో వెలువడిన ప్రపంచ సమీక్షలో ఎనిమిది వేలకు పైగా ఉభయచర జాతులను పరిశీలించి, నూటికి 41 జాతులు అంతరించు ప్రమాదములో నున్నవని తేల్చిరి. వెన్నెముక గల జీవుల తరగతులలో ఇంతటి ఆపద మరి దేనికిని కనబడలేదు. నివాసములు నశించుట, వాతావరణము మారుట, వ్యాధి అను మూడును ముఖ్య కారణములుగా చెప్పబడినవి.

వ్యాధి యనగా కప్పల చర్మమునకు సోకు ఒక బూజు. దానిని 1998లో గుర్తించి 1999లో నామకరణము చేసిరి. చర్మముతో నీరు, ఉప్పులు, ఊపిరి పొందు జీవికి చర్మవ్యాధి ప్రాణాంతకము. ఈ బూజు అయిదు వందలకు పైగా జాతుల క్షీణతకు కారణమనియు, వానిలో తొంబది జాతులు నశించినట్లేననియు 2019లో ఒక అంతర్జాతీయ పరిశోధన బృందము లెక్కించినది. కోస్టారికా, పనామా దేశములలో ఈ బూజుచే కప్పలు నశించిన పిదప మలేరియా పెరిగినదనియు, తీవ్రమైన యేండ్లలో వేయిమందికి సుమారొకరు చొప్పున రోగులు అధికమైరనియు 2022లో వెలువడిన అధ్యయనము తెలిపినది. కప్ప లేని లోకమున దోమ తగ్గునను ఆశ ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది.

ఆ కోస్టారికాలోనే మోంటెవెర్డె కొండలపై బంగారువన్నె కప్ప యుండెడిది. అదియు వానగుంటలలోనే గ్రుడ్లు పెట్టెడిది. 1987లో పదునైదు వందలకు పైగా కప్పలు గుంటలకు చేరినవి. కాని ఆ యేడు గుంటలు త్వరగా ఎండి, తోకకప్పలలో హెచ్చుభాగము చచ్చినది. 1989లో ఒకే ఒక మగకప్ప కనబడినది. ఆ పిమ్మట ఆ జాతిని చూచినవారు లేరు. మనము ఎగుమతిని నిషేధించిన ఏటనే అచట అది చివరిసారి గుంపుగా కనబడుట గమనింపదగినది. అక్కడ కప్పను ఎవరును పట్టలేదు, అమ్మలేదు. వాన తీరు మారి గుంట ముందే ఎండుట, దానికితోడు వ్యాధి సోకుట కారణములని శాస్త్రజ్ఞుల ఊహ.

చట్టము చూడని నీరు

మరల మన ఊరికి వత్తము. అనకాపల్లి 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైనది. అచ్యుతాపురము, పరవాడ ప్రాంతములలో పరిశ్రమలు పెరిగినవి. జిల్లా రావలసినదే, పరిశ్రమలును కావలసినవే. అయితే భూమి విలువ పెరిగినకొలది ముందుగా పూడునది పల్లపు నేల. మొదట గ్రావెలు పడును. పిమ్మట సరిహద్దు రాళ్లు నాటబడును. ఆ నేలలో కప్పలు నిద్రించుచున్నవని ఎవరికి తోచును?

కొండకర్ల ఆవ వంటి పెద్ద సరస్సునకు పేరు కలదు. తాటిదోనెలపై విహరించుటకు యాత్రికులు వత్తురు. పక్షులకై పరితపించువారు కలరు. కాని ఆవ అంచున వానలకు మునిగి వేసవికి తేలు పల్లపు గడ్డినేలలే కప్పలకు ముఖ్యము. అందుచే ఆవను కాపాడుట యనగా దాని నడిమి నీటిని మాత్రమే కాక, ఆ ఎండు అంచును కూడ కాపాడుట.

చట్టము ఏమి చెప్పుచున్నది? 2017 నాటి చిత్తడినేలల సంరక్షణ, నిర్వహణ నియమములు వరిపొలములను, సాగునీటికై మనుష్యులు నిర్మించిన చెరువులను తమ పరిధినుండి మినహాయించినవి. కృషీవలునకు ఇబ్బంది కలుగరాదను సదుద్దేశము అందు కలదు. కాని మన మైదానపు కప్పల ఇండ్లు సరిగా అవియే. పేరులేని గుంటను గురించి చెప్పనక్కరయే లేదు. అయినను మార్గము బొత్తిగా లేకపోలేదు. పంజాబులోని ఒక గ్రామపు చెరువును ఆక్రమించి కట్టడములు లేపిన వ్యవహారమున సుప్రీంకోర్టు 2011 జనవరిలో తీర్పు చెప్పుచు, గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణలనుండి విడిపించి ప్రజలకు అప్పగించుటకు పథకములు సిద్ధము చేయవలెనని రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. మన రాష్ట్రమున 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము కూడ కలదు. గ్రామసభలో అడుగువారున్నచో ఆధారములు కలవు.

మన కర్తవ్యము

కప్పల సంరక్షణకు పెద్ద నిధులు అక్కరలేదు. పులికివలె అడవులు కేటాయింపనక్కరలేదు. ఊరికి రెండు మూడు పల్లములను వానకు నిండి ఎండకు ఎండునట్లు విడిచిన చాలును. విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని కలవు.

తొలకరి మొదటి వారమున మీ ఊరిలో కప్పలు అరచు చోట్లను వ్రాసి యుంచుడు. ఏ తేదీన వాన కురిసినది, ఏ గుంటలో ఎన్నిరకముల అరపులు వినబడినవి, ఆ గుంటలో నీరు ఎన్ని దినములు నిలిచినది గుర్తింపుడు. అయిదారేండ్లు ఇట్లు వ్రాసిన పుస్తకము ఏ పరిశోధకునికైనను విలువైనదగును. ఊరికి ఏ గుంట అవసరమో అడిగిన అధికారికి చూపుటకును అదియే ఆధారము. చదువునిమిత్తము కప్పను పట్టనక్కరలేదు. దాని అరపును సెల్‌ఫోనులో పట్టినచో చాలును.

ఇంటి ఆవరణలో పల్లమున్నచో చేపలు విడువకుడు. ప్లాస్టిక్కు, సబ్బునీరు అందు చేరనీయకుడు. తోటలో ఒక మూల ఆకుదుబ్బును, రాతికుప్పను కదపక విడువుడు. వేసవిలో కప్పకు అదియే పడకగది. తొలకరి రాత్రులలో పొలపు దారిన బండి నడుపునపుడు వేగము తగ్గింపుడు. గుంటలకు పోవు కప్పలు దారి దాటుచుండును. పొలము గల కుటుంబములవారు ఇంటి పెద్దలతో గుంటప్రక్క గడ్డిపట్టీ విషయము మాటలాడుడు. గ్రామసభకు పోగల వయసువారు, ఊరి గుంటకు పేరు పెట్టి, దానిని రికార్డులో చేర్చుమని కోరుడు. పేరు లేని నీటిని పూడ్చుట సులభము; పేరున్న నీటిని పూడ్చువాడు ఎవరికైనను జవాబు చెప్పవలసి వచ్చును.

వరిమడిలో, చెరకుతోటలో మన పూర్వులకాలమునుండి పాటుపడుచున్న ఈ జీవి కూలి అడుగదు, కోత కోరదు. ఏడాదికి రెండు మాసములు నిలుచు నీరు మాత్రము దానికి కావలెను. అంతమాత్రము విడుచుటకు మన ఊళ్లలో ఇంకను చోటు కలదు. ఆ చోటు ఉండగనే దానిని కేటాయించుట వివేకము.